గుండె మార్చుకున్న అంబాసిడర్

పెట్రోలు కారులోంచి ఇంజిన్ దింపేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించడం ఒకప్పుడు ఖమ్మం, కొత్తగూడెం షెడ్లలో మామూలు పని. ఆ పనితో నిలదొక్కుకున్న ఇళ్లున్నాయి. ఇంజిన్ మార్చి కాగితం మార్చక చేతులు కాల్చుకున్న ఇళ్లూ ఉన్నాయి. మా మామయ్య ఇల్లు రెండు లెక్కల్లోకీ వస్తుంది.

కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్లు రాములవారి ఊరు వచ్చేసిందనుకుని గబగబా దిగి, గుడి ఎటు అని అడుగుతారు. గుడి ఇంకా నలభై కిలోమీటర్లు! పాల్వంచ దాటాలి, సారపాక దాటాలి, గోదావరి వంతెన దాటాలి. అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు వైపు వెళ్లాలంటే దారి పొడవునా అడవే. బస్సు దొరక్కపోతే ఆ దారుల్లో చాలా ఏళ్లపాటు రెండే దిక్కు. ఒకటి జీపు, రెండోది అంబాసిడర్.

మా మామయ్యది అంబాసిడర్. 1976 మోడల్, మార్క్-3. ఎవరో వాడి అమ్మేసింది కొన్నాడు. ఆయనది బట్టల వ్యాపారం. ఏజెన్సీ సంతల్లో చీరలు, లుంగీలు, దుప్పట్లు అమ్మేవాడు. వెనక సీటు తీసేసి, ఆ జాగాలో మూటలు కుక్కి, మిగిలినవి డిక్కీలో పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరేవాడు. ముందు సీటులో ఆయన, పక్కన అత్తయ్య, ఇద్దరి మధ్యలో టిఫిను క్యారియరు. చేతి గేరు బండి కాబట్టి మధ్యలో గేరు రాడ్డు అడ్డం ఉండదు. వేసవి సెలవుల్లో ఆ క్యారియరు స్థానం నాది.

ఆ బండికి ఒకటే రోగం. ఆకలి! ఖాళీగా వెళ్తే లీటరు పెట్రోలుకి ఎనిమిది కిలోమీటర్లు, మూటలుంటే ఏడు. వారానికి నాలుగు సంతలు, ఒక్కోదానికి రానూపోనూ సుమారు వంద కిలోమీటర్లు. సంతలో మిగిలిన లాభంలో సగం బంకులోనే పోతోందని అత్తయ్య గొణిగేది.

అప్పట్లో డీజిల్ ధర పెట్రోలు ధరలో సగం కూడా ఉండేది కాదు. లారీలు, బస్సులు, రైతుల మోటార్ల కోసమని ప్రభుత్వం డీజిల్ ధరను అదుపులో పెట్టేది. ఆ తేడాయే దేశమంతటా పాత పెట్రోలు కార్ల తలరాత మార్చింది. 1998లో మామయ్య చీరల అట్టపెట్టె మీద లెక్క వేశాడు. డీజిల్ ఇంజిన్ అయితే లీటరుకు పదమూడు ఇస్తుందని మెకానిక్ మాట. అంటే వారానికి తక్కువలో తక్కువ ఎనిమిది వందలు మిగులు. పాత ఇంజిను, కూలీ, సామాను అన్నీ కలిపి ముప్ఫై వేలు. పది నెలల్లో పెట్టుబడి వెనక్కి. లెక్క బాగుంది, చేతిలో ముప్ఫై వేలే లేవు. అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్లాయి.

కంపెనీలే నేర్పిన విద్య

కారుకి వేరే ఇంజిన్ బిగించడం అనగానే ఏదో గల్లీ మెకానిక్ చేసే సాహసం అనిపిస్తుంది. నిజానికి ఈ విద్యలో అందరికన్నా ముందున్నవి కార్ల కంపెనీలే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌ని 1950ల చివర్లో మొదలుపెట్టింది. అది బ్రిటన్ వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. మొదట్లో దానికి 1476 సీసీ పాతకాలపు సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. ఏడాది రెండేళ్లకే దాన్ని తీసి 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ పెట్టారు. 1980 ప్రాంతంలో అదే కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజిన్ పెట్టారు. మన దేశంలో తయారైన తొలి డీజిల్ కారు అలా వచ్చింది. 1990ల్లో జపాన్ ఇసుజు ఇంజిన్లు ఎక్కాయి. గుండె మారుతూ వచ్చిందే తప్ప ఒంటి తీరు మాత్రం 2014లో ఉత్పత్తి ఆగేదాకా దాదాపు అదే!

అదే కంపెనీ 1984లో తెచ్చిన కాంటెస్సా సంగతి ఇంకా విచిత్రం. చూడ్డానికి దొరబాబులా ఉండే ఆ కారులో మొదట పెట్టింది అంబాసిడర్ ఇంజినే. అంత బరువుని అది లాగలేక ఆపసోపాలు పడింది. తర్వాత ఇసుజు వచ్చాకే దానికి ప్రాణం లేచొచ్చింది.

జీపులదీ ఇదే కథ. మహీంద్రా వాళ్ల పాత విల్లీస్ జీపులకి పెట్రోలు ఇంజిన్. ఇంధనం నీళ్లలా తాగేది. తర్వాత అదే సంస్థ తన ట్రాక్టర్ డీజిల్ ఇంజిన్ని జీపులో కూర్చోబెట్టింది. పొలం దున్నాల్సిన ఇంజిన్ రోడ్డెక్కింది. ఎంఎం540 నాటికి ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. 1998లో మారుతి జెన్ డీజిల్‌లో పెట్టిందీ ప్యూజో ఇంజినే. ఆ తర్వాత ఫియట్ 1248 సీసీ డీజిల్ ఇంజిన్ ఇటు మారుతి స్విఫ్ట్‌లో, అటు టాటా ఇండికా విస్టాలో, సొంత కార్లలో అన్నిట్లోనూ దర్శనమిచ్చింది. వాహనాల వాళ్లు దానికి సరదాగా 'జాతీయ ఇంజిన్' అని పేరు పెట్టారు. (ప్యూజో వాళ్లకి మన బండ్లతో బంధం అక్కడితో తీరలేదు. 2017లో అంబాసిడర్ పేరుని 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నారు!)

అయితే కంపెనీ మార్చడానికీ, చెట్టు కింద షెడ్డులో మార్చడానికీ తేడా ఉంది. కంపెనీ ఇంజిన్ మార్చినప్పుడు స్ప్రింగులు, రేడియేటర్, గేర్‌బాక్సు, బ్రేకులు సరిచూస్తుంది. పరీక్షలు చేయించి, ఆ వివరాలతోనే బండి అమ్ముతుంది. షెడ్డులో ఆ పరీక్షలన్నీ మెకానిక్ చెవీ, చెయ్యే.

మూడు దారులు

మామయ్య వెళ్లిన షెడ్డు కొత్తగూడెంలో ఉండేది. సింగరేణి గనులున్న ఊరు కాబట్టి అక్కడ లేత్ మిషన్లకీ, ఇనుముతో ఆడుకునే చేతులకీ కొదవ లేదు. ఆ మెకానిక్‌ని అందరూ భాయ్ అనేవాళ్లు. భాయ్ మూడు దారులు చెప్పాడు.

మొదటిది ఇసుజు. బలమైంది, సాఫీగా పోతుంది. కానీ ఖరీదు, పైగా సెకండ్ హ్యాండ్‌లో దొరకడం కష్టం. రెండోది మెటాడోర్ వ్యాన్ డీజిల్ ఇంజిన్. లాగుడు బ్రహ్మాండం. చిక్కేమిటంటే మెటాడోర్‌లో ఇంజిన్ ముందు చక్రాల్ని తిప్పుతుంది, అంబాసిడర్‌లో వెనక చక్రాల్ని తిప్పాలి. అంటే మెటాడోర్ గేర్‌బాక్సు పనికిరాదు. దాని ఇంజిన్ని అంబాసిడర్ గేర్‌బాక్సుకి కలపాలంటే మధ్యలో ఒక మందపాటి ఇనుప ప్లేటు లేత్ మీద తయారుచేయాలి. ఆ ప్లేటు వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ ప్లేట్లు నమిలేస్తుంది. మూడోది అంబాసిడర్ సొంత డీజిల్ ఇంజిన్. బలం తక్కువ, నలభై హార్స్‌పవర్ కూడా ఉండదు. కానీ పెట్రోలు ఇంజిన్‌కి అది తోబుట్టువు. గేర్‌బాక్సు అదే, ఫౌండేషన్లు చాలావరకూ అవే.

"మీకు పరుగు కావాలా, బరువు కావాలా, నిద్ర కావాలా?" అని అడిగాడట భాయ్. మామయ్య నిద్ర కావాలన్నాడు. మూడోది ఖాయమైంది. ఏదో ప్రమాదంలో వెనక భాగం నుజ్జయిన డీజిల్ అంబాసిడర్ ఒకటి పాత ఇనుము కొట్లో ఉందని తెలిసి, దాని ఇంజిన్ బేరం చేసి తెచ్చారు. డబ్బులు చేతిలో పెట్టాడు, ఇంజిన్ ట్రాలీలో వేసుకున్నాడు. బిల్లు అడగలేదు. వాళ్లూ ఇవ్వలేదు. ఈ రెండు వాక్యాలూ గుర్తుపెట్టుకోండి. అసలు కథ వాటిలోనే ఉంది.

గొలుసు లాగిన రోజు

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మూడు ఇనుప పైపులు పైన కలిపి కట్టి, వాటికి చైన్ పుల్లీ తగిలించారు. బానెట్ విప్పి గోడకి ఆనించారు. రేడియేటర్, బ్యాటరీ, సైలెన్సర్ గొట్టం ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. గొలుసు లాగుతుంటే ఇంజిన్ మెల్లగా పైకి లేచింది. దాంతోపాటు కారు ముక్కు కూడా లేచింది! బరువు దిగిపోయింది కదా, ముందు చక్రాల పైన ఒళ్లు తేలికై నిక్కి చూస్తున్నట్టు నిలబడింది.

డీజిల్ ఇంజిన్ దించాక అదే ముక్కు కిందికి వాలిపోయింది. పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ పెట్టడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్‌కి రవ్వ అక్కర్లేదు. గాలిని ఇరవై రెట్లకు పైగా బిగించి కుదిస్తే అది కొలిమిలా వేడెక్కుతుంది, అందులో నూనె చిమ్మగానే భగ్గుమంటుంది. అంత బిగింపుని తట్టుకోవాలంటే ఇనుము మందంగా ఉండాలి. మందమంటే బరువు. అంబాసిడర్ ముందు చక్రాలకి మామూలు స్ప్రింగులుండవు, టార్షన్ బార్లుంటాయి. పొడవాటి ఉక్కు కడ్డీలు మెలి తిరుగుతూ బరువు మోస్తాయి. భాయ్ ఆ కడ్డీల్ని ఇంకాస్త బిగించి ముక్కుని మళ్లీ పైకి లేపాడు.

చిల్లర పనులే ఎక్కువ రోజులు తిన్నాయి. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ పంపు వచ్చింది. నాజిళ్లు వాడుకోగా మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకులోకి పోవడానికి కొత్త రిటర్న్ పైపు వేయాలి. చలిలో స్టార్ట్ అవడానికి హీటర్ ప్లగ్గులకి వైర్లు లాగాలి. అంత బిగువైన ఇంజిన్ని తిప్పాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, దానికి తగ్గ తొట్టె వెల్డింగ్ చేయాలి. ట్యాంకు విప్పి కడిగి, మూత మీద ఎర్ర రంగుతో 'డీజిల్' అని రాశారు. అలవాటు కొద్దీ బంకు కుర్రాడు పెట్రోలు కొట్టకుండా.

ఆరోరోజు సాయంత్రం ఇంజిన్ స్టార్టయింది. ఆ చప్పుడుకి చెట్టు మీది కాకులు లేచిపోయాయి. మామయ్య మురిసిపోయి, కాసేపయ్యాక తాళం తిప్పి తీసేశాడు. ఇంజిన్ ఆగలేదు! తాళం ఆయన చేతిలో ఉంది, బండి మాత్రం దడదడలాడుతూనే ఉంది. పెట్రోలు బండి కరెంటు ఆపితే ఆగుతుంది. పాత డీజిల్ ఇంజిన్‌కి కరెంటుతో పనిలేదు, నూనె ఆపాలి. అందుకోసం డ్యాష్‌బోర్డు కింద ఒక తీగ లాగి, దానికి గుండీ పెట్టాడు భాయ్. ఆ గుండీ లాగి కారు ఆపే అధికారం ఆ వేసవంతా నాదే.

మారనివి

కొత్త గుండెతో బండి మూడేళ్లు ఊపిరి సలపకుండా తిరిగింది. గాజులు పదకొండో నెలలో ఇంటికొచ్చాయి. అట్టపెట్టె లెక్క ఒక్క నెలే తప్పింది.

వేగం మాత్రం ఇవ్వలేదు. డీజిల్ ఇంజిన్ పెట్రోలంత చురుగ్గా తిరగదు. వెనక డిఫరెన్షియల్ పాతదే కాబట్టి అరవై దాటితే అరిచేది. ఒకసారి చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాం. మూటలతో సహా రెండో గేరులోనే కొండంతా ఎక్కింది. వెనకొచ్చిన ఆర్టీసీ బస్సు మమ్మల్ని దాటుతుంటే కిటికీల్లోంచి జనం జాలిగా చూశారు. రేడియేటర్ పెట్రోలు బండిదే, మూడుచోట్ల ఆగి నీళ్లు పోశాం.

ఎక్కడం సంగతి అలా ఉంచితే, దిగడంలో నాకు అప్పుడు తెలియని భయం ఒకటుంది. ఆ కారుకి నాలుగు చక్రాలకీ పాతకాలపు డ్రమ్ బ్రేకులే. ముందు బరువు పెరిగింది, బ్రేకులు పెరగలేదు. ఇంజిన్ మార్చినవాళ్లలో ఎక్కువమంది ఇంజిన్ గురించే మాట్లాడతారు. ఎంత లాగుతుంది, ఎంత ఇస్తుంది అని. ఎంత దూరంలో ఆగుతుందని అడిగినవాళ్లు నాకు తక్కువే కనిపించారు.

కాగితం

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. 1976 బండి కాబట్టి మామయ్యకి 2001లో ఆ వంతు వచ్చింది. బండి కడిగి, బొట్టు పెట్టి తీసుకెళ్లాడు. బానెట్ ఎత్తి చూసిన ఉద్యోగి పుస్తకం వైపు ఒకసారి, ఇంజిన్ వైపు ఒకసారి చూశాడు. పుస్తకంలో పెట్రోలు, కళ్లెదురుగా డీజిల్. పుస్తకంలో ఒక నంబరు, బ్లాకు మీద మరో నంబరు.

ఆయన కోప్పడలేదట. "ఈ ఇంజిన్ ఎక్కడిది? కొన్న బిల్లు, ఇది ఏ బండిదో ఆ బండి కాగితం తీసుకురండి" అన్నాడట. న్యాయమైన మాటే. దొంగబండ్ల ఇంజిన్లు పాత ఇనుము కొట్లకి చేరడం కొత్త సంగతి కాదు. మామయ్య పరుగున ఆ కొట్టు దగ్గరికి వెళ్తే, అక్కడ కొట్టే లేదు. టీ దుకాణం ఉంది.

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ అని ఒకటుంది. బండిలో చేసే మార్పుల గురించి చెప్పేది అదే. మామయ్య ఇంజిన్ మార్చిన 1998 నాటికి, ముందుగా తెలియజేసి అనుమతి తీసుకుంటే మార్చుకునే వీలుండేది. ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పి పుస్తకంలో రాయించుకోవాలి. బిల్లుతో ఆనాడే వెళ్లుంటే పనైపోయేది. 2000లో ఆ సెక్షన్ని సవరించారు. తయారీదారు ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదన్నారు. మామయ్య వెళ్లేసరికి తలుపు సగం మూసుకుపోయింది.

సంతలు మానితే ఇల్లు గడవదు. పొడిగింపు లేకుండానే ఆయన బండి తిప్పాడు. అడవి దారుల్లో అడిగేవాళ్లు తక్కువ. అదే ధైర్యం.

2004లో ఒక సాయంత్రం పాల్వంచ దాటాక ఎదురుగా వచ్చిన బొగ్గు లారీ లైట్లు కళ్లలో పడ్డాయి. పక్కన సైకిల్ మీద వెళ్తున్న మనిషి కనిపించి బ్రేకు తొక్కినా బండి కొంచెం దూరం జారింది. ఆ కొంచెం చాలింది. ఆయన కాలు రెండుచోట్ల విరిగింది. మామయ్యే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బీమా కాగితం పెట్టెలో ఉంది. కానీ అది పెట్రోలు బండి పేరు మీద ఉంది. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయి ఉంది. ఆ కాగితాలు పట్టుకుని ఎవరి ముందుకైనా వెళ్లే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఆపరేషన్‌కి, ఆ మనిషి పనికి పోలేని ఏడెనిమిది నెలలకీ తన చేతి నుంచే పెట్టుకున్నాడు. వైరా వైపు ఉన్న ఎకరం పొలం అమ్మాడు. వారానికి ఎనిమిది వందల చొప్పున మిగిల్చిన ఇంజిన్ ఒక్క సాయంత్రంతో అంతా తిరిగి తీసుకుంది.

కారుని ఇంటి పక్కన రేకుల కింద పెట్టి టార్పాలిన్ కప్పారు. సంతలకి ఆయన బస్సులో వెళ్లడం మొదలుపెట్టాడు.

ఇప్పుడైతే ఏంటి?

పాత మారుతి 800కి ఇంజిన్ పాడైపోయిందని, వేరేది వేయించుకోవచ్చా అని మన ఇళ్లలో ఇప్పటికీ అడుగుతుంటారు. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆగినా, ఇంకా చాలా వాకిళ్లలో అది నిలబడే ఉంది. దాని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజినే ఓమ్ని వ్యాన్‌లోనూ వాడారు. కాబట్టి సామాను, చేతిపని తెలిసినవాళ్లు దొరుకుతారు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయించుకోవాలంటే ముందు ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి అనుమతి అడగాలి. ఇంజిన్ కొన్న బిల్లు, అది ఏ బండి నుంచి వచ్చిందో ఆ కాగితం దగ్గరుండాలి. కొత్త నంబరు రిజిస్ట్రేషన్‌లో ఎక్కించుకుని బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పాలి. అంతకన్నా పెద్ద ఇంజిన్ పెడతాననో, డీజిల్ ఎక్కిస్తాననో అంటే ఇప్పటి చట్టం ఒప్పుకోదు.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సంగతి మరింత స్పష్టం చేసింది. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదంది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణలో, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ అని రాశారు. గ్యాస్ కిట్ల లాంటివి వేరు. ఆమోదం పొందిన కిట్‌ని నిబంధనల ప్రకారం బిగిస్తే వాటికి దారి ఉంది.

అసలు మార్చాలనే ఆశకి మూలమైన లెక్క కూడా మారిపోయింది. 2013 జనవరి నుంచి డీజిల్ ధర కొద్దికొద్దిగా పెంచుకోనిచ్చి, 2014 అక్టోబరులో ప్రభుత్వం నియంత్రణ పూర్తిగా ఎత్తేసింది. పెట్రోలుకీ డీజిల్‌కీ మధ్య ఒకప్పటి ఆ అగాధం లేదు. పైగా కొత్త పెట్రోలు ఇంజిన్లు తీసి పెట్టుకునేంత అమాయకమైనవీ కావు. కంప్యూటర్ పెట్టె, సెన్సార్లు, వైర్ల జడ, తాళంలో దాగిన చిప్పు... అన్నీ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే బండి కదులుతుంది. గొలుసు లాగడం ఒక్కటే వస్తే చాలదు.

ఇంజిన్ తీసేసి మోటారు పెట్టడం ఇప్పటి మాట. హైదరాబాద్‌కు చెందిన ఈ-ట్రియో సంస్థ పాత కార్లని విద్యుత్ కార్లుగా మార్చే కిట్‌కి 2019లో పుణెలోని ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. దీనికి చట్టంలో చోటుంది. ఊళ్లో తిరిగే చిన్న కారుకి ఇది నప్పుతుందేమో. చర్ల అడవి దారిలో చీకటిపడ్డాక ఛార్జింగ్ అయిపోతే ఏంటన్నది మా బావ ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

గోనె సంచిలో నంబరు

మా బావ అంటే మామయ్య కొడుకు. పాల్వంచలో ఉద్యోగం. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చోలేక టార్పాలిన్ ఎత్తి చూశాడట. అప్పట్నుంచి ఆ కారుని మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుబట్టాడు. ఇసుజు ఇంజిన్ వేద్దామని మొదట్లో ఊగిపోయాడు. చట్టం సంగతి తెలిశాక చప్పబడ్డాడు. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును ఆరు వందల నుంచి అయిదు వేలకు పెంచారు. ఇన్నేళ్ల ఆలస్యానికి కట్టాల్సింది, ఫిట్‌నెస్ పరీక్ష అదనం. అంత కట్టినా, బానెట్ కింద డీజిల్ ఇంజిన్ ఉన్నంతకాలం 2001 నాటి ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇదే మాట నడుస్తోంది. మంచం మీద పడుకుని వింటున్న మామయ్య, "పాతది కొట్టంలో ఉందిగా" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

గేదెల కొట్టం వెనక గదిలో, పనికిరాని నాగలి, పగిలిన గాబు పక్కన గోనె సంచులు చుట్టి ఉంది. 1998లో తీసిన పెట్రోలు ఇంజిన్! అత్తయ్య దాన్ని పాత ఇనుము వాడికి వేసేయమని పాతికేళ్లుగా పోరుతోందట. సంచులు విప్పితే పైన తుప్పు, కింద గట్టిపడిన గ్రీజు. కిరసనాయిలు పోసి పాత బ్రష్షుతో రుద్దాం. బావ సెల్‌ఫోన్ లైటు పట్టి నంబరులో ఒక్కో అంకె చదువుతుంటే, మామయ్య కళ్లజోడు పెట్టుకుని అట్ట ఊడిన పాత రిజిస్ట్రేషన్ పుస్తకంలో వేలు పెట్టి సరిచూశాడు. అన్నీ కలిశాయి.

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావు మామయ్యా?" అని అడిగాను.

"పెట్రోలు చవకైతే మళ్లీ ఎక్కిద్దామని" అన్నాడు.

అత్తయ్య నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంజిన్ జామై ఉంది. ప్లగ్గుల రంధ్రాల్లో ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి పోసి నానబెట్టాం. భాయ్ ఇప్పుడు లేడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాయన రోజూ సాయంత్రం వచ్చి పెద్ద పానాతో మెల్లగా కదిపి చూశాడు. నాలుగో రోజు వేలెడంత కదిలింది. నేను హైదరాబాద్ వచ్చేశాక పూర్తిగా తిరిగిందని బావ ఫోన్ చేశాడు. బోరింగ్ చేయించాలి, పిస్టన్లు మార్చాలి. ఈసారి బ్రేక్ డ్రమ్ములు, షూలు ముందు చేయించి ఆ తర్వాతే ఇంజిన్ ఎక్కిస్తానన్నాడు. బ్లాకు కొత్తగూడెం లేత్ షెడ్డులో ఉంది. పిస్టన్ల సెట్టు ఖమ్మంలో దొరకలేదు, విజయవాడలో అడుగుతున్నాడు. ఎవరి దగ్గర కొన్నా మొదట బిల్లు రాయించుకో అని మామయ్య ఫోన్‌లో పక్క నుంచి అరవడం నాకు వినిపించింది.